నాలుగో తీగ

కలిహి, హొనొలులు
సెప్టెంబరు 10, 1961

అక్కకి,

గిటారు చేరింది. సరుకు పడవ మీంచి దింపి నా చేతికిచ్చినవాడు "లోపల పసిపిల్ల ఉందా ఏమిటయ్యా, ఇన్ని చుట్లు చుట్టారు?" అని నవ్వాడు. పైన గోనెపట్టా, దాని కింద అమ్మ కుట్టిన బొంత, దాని కింద నాన్న జీను కింద వేసే కంబళి. నీ ముడులు విప్పడానికి నాకూ మీలికీ గంట పట్టింది. కంబళి తియ్యగానే గుప్పున గుర్రం వాసన వచ్చింది. మీలి ముక్కు మూసుకుంది. నేను మొహం పక్కకి తిప్పుకున్నాను, పదేళ్ళ పిల్ల ముందు ఏడవడం ఎందుకని.

నీ రుణం ఎలా తీర్చుకోను? నాన్న పోయిన ఈ ఏడు నెలలూ ఆ గిటారు గురించే ఆలోచించాను, అడగడానికి మాత్రం నోరు రాలేదు. అడక్కుండానే పంపావు. రోజూ ఫ్యాక్టరీ నుంచి రాగానే చేతులకంటిన అనాసపండు జిగురు కడుక్కుని, దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటున్నాను.

కూర్చోవడమే, వాయించడం లేదు. ఆరు తీగలూ బట్టలారేసే తాళ్ళలా వేలాడుతున్నాయి. నాన్న శ్రుతి ఒక్క పిసరు కూడా మిగల్లేదు. దారిలో పరాయివాడెవడైనా మన ఇంటి శ్రుతి పట్టేస్తాడని వదులు చేశావా, లేక నాకు తెలిసిపోతుందని చేశావా? కోపంతో అడగడం లేదు, నిజంగానే అడుగుతున్నాను.

పోయిన జనవరిలో నేను వచ్చిన రోజు గుర్తుందా? గేటు అవతలే నాకు వినిపించింది. నేనెన్నడూ వినని పాట. మాటల్లేవు. కొండ దిగినట్టు మెల్లగా దిగుతుంది, దిగేచోట గుండె జారుతుంది. గేటు తీసి గుమ్మంలో కాలు పెట్టేసరికి నాన్న బిరడాలు గిర్రున తిప్పేశాడు. కంచె అవతలి ఎపెలైమాని చూసి తిప్పినట్టే నన్ను చూసీ తిప్పాడు. పదిహేడేళ్ళప్పుడు నేను హోటల్లో పాడడానికి వెళ్తానంటే "మన పాట బజార్లో అమ్ముకునేవాడికి మన శ్రుతి ఎందుకు?" అన్నాడు. మూడు వారాల్లో పోబోతూ కూడా ఆ మాట మీదే ఉన్నాడు.

ఫిబ్రవరి పదిహేడున కన్నీళ్ళ విందు. ఏడాది ఏడ్చింది చాలు, ఇక నవ్వుతూ తినండని చచ్చిపోయినవాళ్ళు మనకి సెలవిచ్చే రోజు. ఆ రోజు ఆ పాట నేను వాయించాలి అక్కా. వాయించలేకపోతే నాన్న అన్నదే ఖాయమవుతుంది, నేను ఆ ఇంటివాణ్ణి కానని. శ్రుతి చెప్పు.

నీ తమ్ముడు
కనియెల


వైమియా
సెప్టెంబరు 21, 1961

ఒరే కనియెలా,

నీ ఉత్తరం మొదటి పేజీ చదివి కళ్ళు తుడుచుకున్నాను. రెండో పేజీ చదివి ఒళ్ళు మండి ఉత్తరం డబ్బాలో పడేశాను. మర్నాటికి కోపం దిగింది కాబట్టి రాస్తున్నాను.

నేర్చుకుంటావని వదులు చేశానా? బుద్ధుందా నీకు? నాకు తొమ్మిదేళ్ళప్పటి నుంచీ ఆ ఇంట్లో నా ఉద్యోగం ఏమిటో మర్చిపోయావా? గేటు చప్పుడైతే నేను దగ్గాలి. నా దగ్గు వినగానే నాన్న బిరడాలు తిప్పేసేవాడు. ఆయన పశువుల వెంట వెళ్ళి గిటారు ఇంట్లో ఉంటే, పరిగెత్తుకెళ్ళి నేనే తిప్పేదాన్ని. పాస్టరుగారు ప్రార్థనకొచ్చినా తిప్పాను, మంత్రసాని వచ్చినా తిప్పాను. మా ఆయన నన్ను పెళ్ళి చేసుకోమని అడగడానికి వచ్చిన రోజు ముందు తీగలు వదులు చేసి, ఆ తర్వాతే "ఊఁ" అన్నాను. అది నా చేతి అలవాటురా. కంబళిలో చుడుతూ తిప్పేసి ఉంటాను. తిప్పినట్టు కూడా నాకు గుర్తులేదు. పైగా రేవులో సరుకెత్తేవాడు ఎవరనుకున్నావు, ఎపెలైమా మేనల్లుడు!

ఎపెలైమా వాళ్ళ నాన్న మన తాతయ్య పాటని దొర ఎదుట తనదని వాయించిన సంగతి నీకు వేరే చెప్పాలా? అప్పటి నుంచీ వాళ్ళు కనబడితే మనం తిప్పడం, మనం కనబడితే వాళ్ళు తిప్పడం. ఒకే కంచెకి రెండు పక్కలా రెండు గిటార్లు ఉండి ఒక్కరోజూ కలిసి మోగలేదు.

శ్రుతి కాగితమెక్కకూడదని నాన్న నియమం. కాగితం చేతులు మారుతుంది, నిజమే. అందుకని మన ఇంట్లో పుట్టినవాళ్ళకే తెలిసేలా చెబుతాను. నాకు వాయించడం రాదు గాని నలభై మూడేళ్ళు విన్నాను. పైనుంచి లెక్కపెట్టుకో.

అన్నిటికన్నా మందమైన తీగ, మన పెద్ద ఎద్దు సాయంత్రం కొట్టం తలుపు తియ్యమని అరిచే అరుపు. రెండోది, పశువుల్ని ఎక్కించుకోవడానికి వచ్చిన ఓడ రేవులో వేసే కూత. మూడోది మొదటిదానికి తమ్ముడు, అదే స్వరం, కాస్త సన్నం. నాలుగోది మన గుడి గంట. ఐదోది అమ్మ వంటింట్లోంచి "రండర్రా, చల్లారిపోతోంది" అని పిలిస్తే, ఆ "రం" దగ్గర పలికే స్వరం. ఆరోది మళ్ళీ ఎద్దు అరుపే, మనవరాలి గొంతులో.

ఏది, నేను దాచానని ఇప్పుడు అను.

విందుకి పందిని మాట్లాడాలి. ఇక్కడ అప్పుడే చలి మొదలైంది, కొండ మీద మంచు పడింది. మీలికి ఉన్ని గౌను అల్లుతున్నాను, చేతులు ఎంత పొడుగుంటాయో కొలిచి రాయి.

మీ అక్క
లోకాలియా


కలిహి
అక్టోబరు 8, 1961

అక్కా,

తిట్టావు గాని ఆ తిట్లు కూడా తియ్యగానే ఉన్నాయి. ముందు నీకు వెయ్యి దండాలు. ఆ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మన ఇల్లంతా ఆరు తీగల మీద కూర్చోబెట్టావు.

నా అవస్థ విను. ఆదివారం పెరట్లో నిలబడి ఎద్దులా అరిచాను. పక్కింటివాళ్ళు కిటికీ మూసేశారు. రెండోసారి అరిచేసరికి మందం తీగ "ఊఁ" అని పలికింది, ఒళ్ళు జలదరించింది. ఓడ కూత తేలిగ్గానే దొరికింది. అమ్మ పిలుపు మాత్రం నాకు రాలేదు. గొంతు సన్నం చేసి "రండర్రా" అని పది రకాలుగా పిలిచి చూశాను. పదకొండోసారికి మీలి లోపల్నుంచి కంచం పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. నాయనమ్మ గొంతు దాని చెవిన ఎప్పుడూ పడలేదు, అయినా అన్నం పిలుపని దానికెలా తెలిసింది చెప్పు! అదే స్వరానికి ఐదో తీగ బిగించాను.

ఇంతవరకూ బాగానే ఉంది. కాని పాట కుదరడం లేదు. జనవరిలో విన్నది నాకు ప్రతి మెట్టూ గుర్తుంది, పదేళ్ళు హోటల్లో, రేడియోలో పాడినవాణ్ణి, చెవి మోసం చెయ్యదు. ఎత్తుకోవడం బాగుంటుంది, నడక బాగుంటుంది, చివర కిందికి దిగే చోటికి వచ్చేసరికి నాలుగో తీగ ఎదురు తిరుగుతుంది. పుల్లటి మజ్జిగ నోట్లో పోసినట్టు ఉంటుంది. వారం రోజులు కూర్చున్నాను, బొటనవేలు బొబ్బలెక్కింది.

నాలుగోది గుడి గంటేనా? నువ్వు మర్చిపోయే మనిషివి కావు. అందుకే అడుగుతున్నాను, ఏమీ అనుకోకు. వాడు అడిగితే ఒక్కటి తప్పు చెప్పమని నాన్న నీకేమైనా చెప్పి పోయాడా?

కనియెల

మీలి చెయ్యి భుజం నుంచి మణికట్టు దాకా పదిహేడు అంగుళాలు.


వైమియా
అక్టోబరు 15, 1961

కనియెలకి,

నీ ఉత్తరం అందిన పూటే చేస్తున్న పని వదిలేసి గుడికి నడిచాను. వానలో. గంట కొట్టమని అడిగితే, ఎవరు పోయారని నలుగురు గుమిగూడారు. గంట గంటలాగే ఉంది. నేను చెప్పింది చెప్పినట్టే ఉంది.

నాన్న చివరి మూడు వారాలూ ఆయన నోట్లో చెంచాతో గంజి పోసింది నేను. ఆ నోటితో ఆయన నాకు అబద్ధం చెప్పమని చెప్పి పోయాడంటావా? నేను ఆ అబద్ధం నీకు పంపానంటావా?

ఇక నాకు ఈ తీగల గొడవ వద్దు. పందిని మాట్లాడాను. విందుకి రా, తిను, వెళ్ళు.

లోకాలియా


కలిహి
డిసెంబరు 3, 1961

అక్కా,

ఏడు వారాలు నీ దగ్గర్నుంచి ఒక్క ముక్క లేదు. ఉన్ని గౌను మాత్రం వచ్చింది. మీలి వేసుకుని తీయనంటోంది, ఇక్కడి ఉక్కలో చెమటలు కక్కుతూ తిరుగుతోంది. నా మీద కోపం ఉన్నా పిల్ల చేతులు కొలత తప్పకుండా అల్లావు. ఆ గౌను చూసిన ప్రతిసారీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తోంది. తప్పయింది. నిన్ను అనరాని మాట అన్నాను.

ఎందుకన్నానో కూడా చెబుతాను. నాన్న నన్ను చూసి తీగలు వదులు చేసిన ఆ క్షణం నాకు రోజూ కనిపిస్తుంది. కన్నతండ్రికే నేను పరాయివాణ్ణయితే, అక్కకి మాత్రం కాకుండా ఉంటానా అని ఒక పాడు ఆలోచన. అది నీది కాదు, నాది.

పోయిన వారం ఒకటి జరిగింది. ఫ్యాక్టరీ నుంచి వస్తూ బస్సు తప్పిపోయి నడుస్తున్నాను. వాన మొదలైంది. మా వెనక సందులో ఒక ముసలమ్మ అరుగు మీద కూర్చుని వాయిస్తోంది, మన వదులు తీగల బాణీలోనే. హోటల్లో పదేళ్ళు పాడాను, చప్పట్లు కొట్టించుకున్నాను, విన్నవాళ్ళు విన్నంతసేపు ఊగి లేచిపోయేవాళ్ళు. ఇది అలాంటిది కాదు. ఈ బాణీ ఎవరినీ పిలవదు. పని ముగించుకుని జీను దించి, ఇంటివాళ్ళ మధ్య తనకోసం తను మీటుకునే మనిషి చేతిలోంచి పుట్టింది. బొటనవేలు గుర్రంలా నడుస్తూనే ఉంటుంది, మిగతా వేళ్ళు ఇంటి సంగతులు ఏవో చెబుతుంటాయి. అది వింటుంటే ఏడుపూ రాదు, నవ్వూ రాదు. ఎవరో నన్ను చిన్నప్పటి ముద్దుపేరుతో పిలిచినట్టు ఉంటుంది. తడిసి ముద్దయ్యేదాకా నిలబడిపోయాను.

ఆవిడ నన్ను చూసి కూడా ఆపలేదు, తీగలు వదులు చెయ్యలేదు. "చాలా బాగుందమ్మా, మీ ఇంటి శ్రుతేనా?" అని అడిగాను. "మా ఇంటిదెక్కడిది నాయనా! మా పక్కింటాయన వాయిస్తుంటే ముప్ఫై ఏళ్ళు గోడ ఇవతల నిలబడి విన్నాను. ఆయన పోయాడు, ఇది నా చేతిలో మిగిలింది. రోజూ ఆయనకి దణ్ణం పెట్టుకునే మొదలుపెడతాను" అంది.

అప్పట్నుంచీ ఒక ఆలోచన తొలుస్తోంది. చెబితే కొడతావు. మన గోడ అవతల కూడా ఒకడు నిలబడి ఉన్నాడు కదా అక్కా, యాభై ఏళ్ళుగా. ఎపెలైమాని అడిగితే?

నీ తమ్ముడు


వైమియా
డిసెంబరు 20, 1961

కనియెలా, నా తండ్రీ,

ముందు నీ తప్పు నేను మన్నించాను. ఈ ఉత్తరం చివరిదాకా చదివి నా తప్పు నువ్వు మన్నించాలి.

ఎపెలైమా పేరు చూడగానే "చచ్చినా వెళ్ళను" అని గట్టిగానే అన్నాను, ఇంట్లో ఎవరూ లేకపోయినా. మూడు రోజులు అలా అంటూనే ఉన్నాను. నాలుగోరోజు జడ వేసుకుని, ఒక గిన్నెడు చేమదుంప ముద్ద పట్టుకుని కంచె దాటాను. పుట్టి బుద్ధెరిగాక ఆ పెరట్లో కాలు పెట్టడం అదే మొదలు.

ముసలాయన అరుగు మీద గిటారు పట్టుకుని ఉన్నాడు. నన్ను చూడగానే ఆయన చెయ్యి బిరడాల మీదికి వెళ్ళింది. నేను మర్యాదగా మబ్బుల వైపు చూశాను. అంతలో ఆయనే నవ్వేశాడు.

"ఏం తల్లీ, ఇల్లు గాని తగలబడిందా? నా గుమ్మం తొక్కావు!"

"లేదు మామా. ఒకటి అడగాలని వచ్చాను."

"అడుగుదువుగాని. ముందా ఎండుమాంసం తీసుకో, నా కోడలు ఉప్పెక్కువ వేసింది, ఒక్కణ్ణే తినలేక చస్తున్నాను."

ఎలా మొదలుపెట్టాలో తెలియక ఉన్నదున్నట్టు అడిగేశాను. "మామా, మా నాన్న శ్రుతి మీకు తెలుసా?"

ఆయన గిటారు నా వైపు తిప్పి, నేను చూస్తుండగానే, ఒక్కొక్క తీగే బిగించాడు. ఎద్దు అరిచింది. ఓడ కూసింది. నాలుగో తీగ దగ్గర గుడి గంట వినిపించింది. ఆగాడు. బిరడాని ఒక్క పిసరు వెనక్కి తిప్పాడు, గంట కన్నా కిందికి. అమ్మ పిలిచింది. ఆరూ కుదిరాక వాయించాడు కనియెలా. నువ్వు గేటు అవతల విన్న పాటే. చివర్న దిగే చోటు ఎక్కడా పుల్లగా లేదు.

నేను మెట్టు మీద కూలబడ్డాను. "ఎక్కడ దొంగిలించావు మామా?" అనేశాను. ఆ ముసలాయనకి కోపం రాలేదు.

"దొంగిలించడమా! మీ నాన్న నా అరుగు మీద కూర్చుని కట్టిన పాట ఇది. శనివారం శనివారం, నాలుగింటికి."

శనివారం నాలుగింటికి నాన్న ఏం చేసేవాడో విను. నువ్వు వెళ్ళిపోయాక మొదలైంది కాబట్టి నీకు తెలియదు. "ఆ ఎపెలైమాతో కంచె సంగతి తేల్చుకోవాలి" అని మొహం చిట్లించుకుని, గిటారు గోనెసంచిలో పెట్టుకుని వెళ్ళేవాడు. కంచె తేల్చుకోవడానికి గిటారెందుకని నాకు ఒక్కనాడూ తోచలేదు. పదేళ్ళు తేల్చుకున్నారు. ఆ కంచె ఇప్పటికీ పడిపోయే ఉంది.

శనివారం నాలుగింటికి రేడియోలో నీ పాట వచ్చేదట కదరా. మన ఇంట్లో ఆ రేడియో పెట్టకూడదని శాసించింది ఆయనే కాబట్టి కంచె దాటి వెళ్ళి వినేవాడు. మొదట్లో ఊరికే వినేవాడట. తర్వాత నీ గొంతు వెంట మీటడం మొదలుపెట్టాడు. పాట చివర నీ గొంతు మెల్లగా కిందికి జారుతుందే, అక్కడ మన నాలుగో తీగ కలవలేదు. "తీగని దించరా, వాడి గొంతుని ఎలాగూ ఎత్తలేవు" అన్నాడట ఎపెలైమా హాస్యానికి. నాన్న నిజంగానే దించాడు. తాతయ్యల నాటి శ్రుతిని, ఎవరినీ వేలు పెట్టనివ్వనిదాన్ని, నీ గొంతు దిగే చోటికి దించాడు. ఆ దించిన తీగ మీద కట్టిందే నువ్వు విన్న పాట.

ఇంట్లో అది వింటూ నేనేమనుకున్నానో తెలుసా? పాత తీగ జారుతోంది, ముసలివాడికి చెవి మందగించి తెలియడం లేదు, పాపం అని జాలిపడ్డాను. అందుకే నీకు గుడి గంట అని రాశాను. నాన్న తప్పుని నేను సరిదిద్ది పంపాననుకున్నాను.

"మరి తమ్ముణ్ణి ఎందుకు పిలవలేదు మామా?" అన్నాను.

"నేనూ అదే తిట్టాను. 'రమ్మంటే వస్తాడు ఎపెలైమా, రమ్మనడమే నాకు రాదు' అన్నాడు. పోయిన జనవరిలో నీ తమ్ముడు వస్తున్నాడని తెలిసి, పాట పూర్తయింది, గుమ్మంలోకి రాగానే వినిపిస్తానని చంటిపిల్లాడిలా చెప్పాడు. నాలుగు రోజుల తర్వాత వచ్చి, తన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని దాన్నే చూస్తూ కూర్చున్నాడు. 'కళ్ళు చూసేలోగా చెయ్యి తిప్పేసింది. మళ్ళీ శ్రుతి చేద్దామంటే వాడి మొహంలోకి చూడలేకపోయాను' అన్నాడు."

కనియెలా, ఆ రోజు గేటు చప్పుడైంది. నేను వంటింట్లో ఉన్నాను. ఎవరొచ్చారో తొంగి చూడలేదు. దగ్గాను.

ఇదీ నా తప్పు. నాన్న నిన్ను చూసి తిప్పలేదు. నా దగ్గు విని తిప్పాడు. నీకు వినిపించాలని ఎదురుచూస్తూ వాయిస్తున్న పాటని నేనే ఆపేశాను. ఈ సంగతి తెలిశాక రెండు రోజులు అన్నం సహించలేదు. నువ్వు ఏం తిట్టినా పడతాను.

వచ్చేటప్పుడు ఎపెలైమాని అడిగాను, "పదేళ్ళుగా మీకు శ్రుతి తెలుసు. మీరు గేటు దగ్గరికి వచ్చినప్పుడల్లా నేను పరిగెత్తి తీగలు వదులు చేస్తుంటే చూస్తూ ఊరుకున్నారా?"

"చూడలేదమ్మా, మబ్బులు చూసేవాణ్ణి. నువ్వు అంత శ్రద్ధగా తిప్పుతుంటే మధ్యలో పాడుచెయ్యడం ఎందుకని."

నాన్న పోయాక ఈ పాట ఒక్కరికీ వినిపించలేదనీ, నువ్వు వస్తావని దాచి ఉంచాననీ చెప్పాడు. యాభై ఏళ్ళు మనం ఎవరి దగ్గర దాచామో ఆయనే మన సొత్తు కాపాడాడు. నేను వంగి ఆయన చేతులు ముద్దుపెట్టుకుని వచ్చాను.

నాలుగో తీగని గంట నుంచి ఒక్క పిసరు దించు. ఎంత అని అడగకు. నువ్వు పాడుకుంటూ దించు, అదే ఆగుతుంది.

మీ అక్క


కలిహి
జనవరి 6, 1962

అక్కా,

నువ్వు చెప్పినట్టే చేశాను. పాడుతూ దించాను. ఒకచోట నా గొంతేదో తీగేదో నాకు తెలియలేదు. అక్కడ ఆపాను.

మా ఆవిడ వంట ఆపి వచ్చి గుమ్మంలో నిలబడింది. మీలి "నాన్నా, తాతయ్య నీతో పాడుతున్నాడా?" అంది. అవునన్నాను. ఈసారి పిల్ల ముందే ఏడ్చాను, మొహం తిప్పుకోలేదు.

నిన్ను తిట్టడమా? నువ్వు చెప్పకపోతే ఆ దగ్గు సంగతి నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. అది నీకూ తెలుసు, అయినా చెప్పావు. ఆ ఒక్క మాటతో ఏడాదిగా నా గుండెలో గుచ్చుకున్న ముల్లు తీసేశావు. తొమ్మిదేళ్ళ పిల్లని గేటు దగ్గర కాపలా పెట్టింది ఎవరు? నువ్వు నీ పని చేశావు, నాన్న చెయ్యి తన పని చేసింది. నన్ను ఎవరూ వెళ్ళగొట్టలేదు, అంతే చాలు. నాన్నకి, ఎపెలైమా మామకి, నీకు, ఆ సందులో ముసలమ్మకి రోజూ వరసగా దణ్ణం పెట్టుకుని మొదలుపెడుతున్నాను. ఆ ముసలమ్మ ఇంటికి రెండు అనాసపళ్ళు కూడా తీసుకెళ్ళాను.

ముగ్గురం ఫిబ్రవరి పదిహేనో తేదీ విమానంలో వస్తున్నాం. మామని విందుకి పిలువు. అరుగు మీద కాదు, నాన్న కుర్చీ పక్కన కూర్చోబెట్టు.

కనియెల


కలిహి
మార్చి 4, 1962

అక్కా,

క్షేమంగా చేరాం. మీలి బడిలో అందరికీ పందిని గొయ్యిలో పెట్టి కాల్చడం గురించే చెబుతోందట. మా ఆవిడ నీ ఎండుచేప పచ్చడి దాచిపెట్టి, ఎవరికీ తెలియకుండా తింటోంది.

విందు రోజు గురించి రాద్దామని మూడుసార్లు కూర్చుని లేచాను. నేను మొదలుపెట్టగానే మామ తన గిటారు అందుకోవడం, మాట్లాడుతున్న రెండిళ్ళవాళ్ళూ ఒక్కొక్కరే ఆగిపోవడం, చివర దిగే చోట నువ్వు నవ్వడం. నువ్వు నవ్వితే అందరూ నవ్వారు. ఏడుపు ఆ రోజుతో సరి అన్న మాట మనవాళ్ళు ఊరికే అనలేదు.

గిటారు నీ మంచం మీద పెట్టి వచ్చాను, చూసే ఉంటావు. మర్చిపోలేదు, కావాలనే వదిలాను. నలభై మూడేళ్ళు దాన్ని కాపలా కాశావు, తీగలు వదులు చెయ్యడం తప్ప ఇంకే పనికీ నీ చెయ్యి దాని మీద పడలేదు. వాయించడం నేర్చుకో. పొరుగున గురువు ఉన్నాడు. వేసవికి మీలిని పంపుతాను, దానికి నువ్వు నేర్పాలి. నాకు ఇక్కడ వేరే గిటారు ఉంది, శ్రుతి నా గొంతులోనే ఉంది.

నీ తమ్ముడు


వైమియా
మార్చి 18, 1962

ఒరే తమ్ముడూ,

మంచం మీద దాన్ని చూసి ముందు నిన్ను నానా తిట్లూ తిట్టాను. యాభై రెండేళ్ళ ముసల్దాన్ని, వేళ్ళన్నీ పాలు పితికి మొద్దుబారాయి, నాకు ఇప్పుడు గిటారా? ఆడవాళ్ళకి మన ఇంట్లో ఎవరైనా నేర్పారా? అని తిట్టి, తిట్టి, ఎవరూ చూడకుండా తలుపు వేసుకుని ఒక్క తీగ మీటాను. ఎద్దు అరిచింది. మళ్ళీ మీటాను. అలా చీకటి పడేదాకా ఎద్దునే అరిపించాను. పాలు పితకడం మర్చిపోయానని కొట్టంలో నిజం ఎద్దూ ఆవులూ కలిసి అరిచేదాకా తెలియలేదు.

ఇంతవరకూ నాకు ఎవరూ ఇవ్వనిది నువ్వు ఇచ్చావురా. అంతకన్నా రాయడం నాకు చేతకాదు.

నిన్న మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని నువ్వు వాయించిన పాట మొదటి నాలుగు మెట్లూ పట్టుకుందామని తంటాలు పడుతున్నాను. గేటు చప్పుడైంది. చూడనైనా లేదు, గొంతులోకి దగ్గు వచ్చేసింది, చెయ్యి బిరడాల మీదికి వెళ్ళిపోయింది. తలెత్తితే ఎపెలైమా మామ. గేటు దగ్గరే ఆగిపోయి, టోపీ తీసి, పాపం అలవాటుగా మబ్బుల వైపు చూస్తున్నాడు.

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"మబ్బులు తర్వాత చూడొచ్చు గాని, ఇలా రా మామా," అన్నాను. "ఈ నాలుగో తీగ జారిందో, నా చెవే తప్పో, నువ్వు విని చెప్పు."

మీ అక్క
లోకాలియా